రోడ్ సెన్స్ లేనిది రోడ్డుకే

కర్నూలు జిల్లా వెల్దుర్తి దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి మీద 2019 మే నెలలో ఒక ప్రైవేటు బస్సు బైకును తప్పించబోయి డివైడర్ దాటింది. అవతలి వైపు వస్తున్న తుఫాన్ జీపును గుద్దింది. నిశ్చితార్థానికి వెళ్లి ఇంటికి తిరిగొస్తున్న గద్వాల వైపు వాళ్లు పదిహేను మందికి తక్కువ కాకుండా చనిపోయారు. 2021 ఫిబ్రవరిలో అదే వెల్దుర్తి మండలంలో, మదనపల్లె నుంచి అజ్మీర్ దర్గాకు బయల్దేరిన టెంపో తెల్లవారకముందే అదుపు తప్పి, డివైడర్ దాటి లారీకి ఎదురెళ్లింది. పద్నాలుగు మంది పోయారు. మొదటిసారి అతివేగం అన్నారు. రెండోసారి నిద్రమత్తు అన్నారు. రెండూ నిజమే అయి ఉండొచ్చు. అయితే రెండేళ్లు తిరక్కుండానే ఒకే మండలంలో రెండు బండ్లు డివైడర్ మీదుగా అవతలి రోడ్డులోకి ఎలా పోగలిగాయని అడిగినవాళ్లు నాకు కనబడలేదు. నిద్రపోయే డ్రైవర్‌ను లేపడం రోడ్డుకు చేతకాదు. వాడి బండిని ఇవతలే ఆపడం చేతనవుతుంది. అందుకే క్రాష్ బారియర్ అనే ఇనుప కట్టడం ఒకటి ఉంది. ఈ రహదారి మీద చాలా చోట్ల డివైడర్ అంటే పిక్క ఎత్తు సిమెంటు అంచు, మధ్యలో మట్టి, అందులో గన్నేరు మొక్కలు.

శ్రీనగర్‌లో మొదలై కన్యాకుమారిలో ఆగే ఈ రోడ్డు 3,700 కిలోమీటర్లకు పైనే. దేశంలో ఇంతకంటే పొడవైన జాతీయ రహదారి లేదు. పెన్‌గంగ దాటి మన వైపు వచ్చి ఆదిలాబాద్, నిర్మల్, కామారెడ్డి, మేడ్చల్, షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోట మీదుగా దిగి, బీచుపల్లి దగ్గర కృష్ణను, కర్నూలు దగ్గర తుంగభద్రను దాటి, డోన్, గుత్తి, అనంతపురం, పెనుకొండ చూసుకుని కొడికొండ చెక్‌పోస్టు దగ్గర కర్ణాటకలోకి పోతుంది. పెద్దవాళ్లు దీన్ని ఇప్పటికీ పాత నంబరుతో 'ఏడో నంబరు రోడ్డు' అనే అంటారు. దీని మీద ప్రమాదం జరిగిన ప్రతిసారీ టీవీ స్టూడియో నుంచి టీ కొట్టు దాకా వినిపించే తీర్పు ఒకటే: రోడ్డు బ్రహ్మాండంగా ఉంది, మనవాళ్లకే రోడ్ సెన్స్ లేదు. డ్రైవర్లు తాగుతారు, రైతులు రాంగ్ రూట్‌లో వస్తారు, ఆడవాళ్లు అడ్డంగా దాటుతారు, కుర్రాళ్లు హెల్మెట్ పెట్టుకోరు.

ఈ తీర్పును నేను ఒప్పుకోను. ఇందులో కొంత నిజం ఉంది, అందుకే ఇది అబద్ధం కంటే ప్రమాదకరం.

ఈ తీర్పుకు బలం ఇచ్చేది అంకెలే కాబట్టి ముందు వాటి సంగతి చూద్దాం. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో రోడ్ల మీద చనిపోయినవాళ్లు 1,68,491 మంది. అందులో 71 శాతం పైగా చావులకు కారణం 'అతివేగం' అని ఆ నివేదికే చెబుతుంది. ఇంకేం కావాలి అంటారు. ఆ గడి నింపేది ఎవరో ఒకసారి ఆలోచించండి. అర్ధరాత్రి టార్చిలైటుతో వచ్చిన ఎస్సై. ఆయన ముందున్న పని శవాలను ఆసుపత్రికి పంపడం, ట్రాఫిక్ వదలడం, తెల్లారేలోగా ఎఫ్‌ఐఆర్ కట్టడం. ఆయన ఇంజినీరు కాడు, వంపు వ్యాసార్ధం కొలిచే సాధనం ఆయన జీపులో ఉండదు. ఉన్నా రాయడానికి చోటు లేదు. ఏ నిబంధన ఉల్లంఘన వల్ల ప్రమాదం జరిగిందని చెప్పే ఆ పట్టికలో అతివేగం, తాగి నడపడం, రాంగ్ సైడ్, ఎర్రలైటు దాటడం, సెల్‌ఫోన్, 'ఇతరములు' అని వరసలుంటాయి. రోడ్డు రూపకల్పన లోపం అనే వరస లేదు. అడగని ప్రశ్నకు జవాబు రాలేదు కాబట్టి రోడ్డు నిర్దోషి అని తేల్చేశాం.

అదే నివేదికలో ఇంకో అంకె ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. దేశంలోని మొత్తం రోడ్ల పొడవులో జాతీయ రహదారులు నూటికి రెండు పాళ్ల చిల్లర. చావుల్లో వాటి వాటా 36 శాతం. రోడ్ సెన్స్ లేకపోవడమే మూలమైతే, ఆ లేమి ఈ రెండు శాతం రోడ్ల మీదకు ఎక్కగానే ఇంతగా ఎందుకు పెరగాలి? ఊళ్లో బుద్ధిగా బండి నడిపే మనిషి బైపాస్ ఎక్కగానే వేరే మనిషి అయిపోతాడా? వాహనాల రద్దీ ఎక్కువన్నది ఒప్పుకుంటాను, వేగమూ ఎక్కువే. ఆ వేగం కోసమే కదా వేల కోట్లు పెట్టి రోడ్డు వేసింది. నాలుగు లేన్ల రోడ్డు మీద కార్లకు వంద కిలోమీటర్ల వేగం అనుమతిస్తూ 2018లో నోటిఫికేషన్ ఇచ్చింది ఇదే శాఖ. వెళ్లమని చెప్పిన చేతితోనే, ఎందుకు వెళ్లావని రాస్తున్నారు.

అసలు తప్పు ఎక్కడుందో ఒక ఊరి క్రాస్ రోడ్డు దగ్గర నిలబడితే తెలుస్తుంది. ఊరు ఒక పక్క, పొలాలు ఒక పక్క, లేదా బడి ఒక పక్క. రోడ్డు రాకముందు నుంచీ ఊరు అలాగే ఉంది. పాల క్యాన్ పట్టుకున్న ఒక ముసలమ్మ అవతలికి పోవాలి. ఇటువైపు రెండు లేన్లు, అంచు కలుపుకుంటే తొమ్మిది మీటర్ల వెడల్పు అనుకుందాం. ఆ వయసులో సెకనుకు ఒక మీటరు నడిస్తే గొప్ప. తొమ్మిది సెకన్లు పడుతుంది. వంద కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఆ తొమ్మిది సెకన్లలో పావు కిలోమీటరు వచ్చేస్తుంది. అంటే ఆమె పావు కిలోమీటరు దూరంలో ఉన్న బండి వేగాన్ని కళ్లతో కొలిచి అడుగు వెయ్యాలి. మసక కళ్లతో, ఎదురెండలో. డివైడర్ దాకా వచ్చాక రెండో సగం మొదలవుతుంది. అక్కడ మనిషి నడుం దాటి పెరిగిన గన్నేరు గుబుర్లు. ఎదురు బండి లైట్లు కళ్లలో పడకుండా వేసిన మొక్కలవి, పని బాగానే చేస్తాయి. వాటి వెనక నిలబడ్డ పొట్టి మనిషి, బడి పిల్లాడు డ్రైవర్‌కు కనిపించకుండా కూడా చేస్తాయి.

ఇప్పుడు కారు వైపు నుంచి చూడండి. వంద వేగంలో ఉన్న డ్రైవర్ అడ్డం చూసి, బ్రేకు వేసి, బండి ఆపడానికి 180 మీటర్లు కావాలని మన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణమే చెబుతుంది. రాత్రిపూట డిమ్ లైటు వెలుగు అందులో సగం దూరం కూడా చేరదు. తాగనివాడు, ఫోన్ చూడనివాడు, నిద్ర చాలినవాడు, ప్రభుత్వం అనుమతించిన వేగంలోనే పోతున్నవాడు కూడా చీకట్లో ఆ ముసలమ్మను చూసేసరికి ఆపే దూరం దాటిపోయి ఉంటుంది. ఆమె తప్పు చేయలేదు, అతనూ తప్పు చేయలేదు. ఇద్దరూ బుద్ధిమంతులే అయినా ఒకరు చచ్చేలా ఆ చోటును తయారు చేశారు. మర్నాటి పేపర్లో మాత్రం 'నిర్లక్ష్యంగా రోడ్డు దాటుతుండగా' అని వస్తుంది.

అండర్‌పాస్ ఉన్న చోట నుంచి దాటొచ్చు కదా, యూటర్న్ దగ్గర తిరిగి రావచ్చు కదా అంటారు. కారులో కూర్చుని అనేవాళ్లే ఎక్కువ. పొలం రోడ్డుకు అవతల ఎదురుగానే ఉంది, డివైడర్‌లో గ్యాప్ రెండు కిలోమీటర్ల అవతల ఉంది. చట్ట ప్రకారం వెళ్లాలంటే రెండు పోయి రెండు రావాలి. సర్వీస్ రోడ్డు ఉంటే ఒక సంగతి, అది సగంలో తెగిపోయి ఉంటుంది. ఎరువు బస్తా వేసుకున్న టీవీఎస్ ఎక్సెల్ రోజుకు నాలుగుసార్లు అలా తిరగదు. రాంగ్ రూట్‌లో అంచు పట్టుకుని వస్తుంది, లేదంటే ఎవరో పగలగొట్టిన డివైడర్ సందులోంచి దూరుతుంది. ఆ సందులు చూస్తే నాకు జనం మీద కోపం రాదు. దారి ఎక్కడ కావాలో ఇంజినీరు సర్వే చేయకపోతే జనం గడ్డపారతో చేసిన సర్వే అది. బడికి గేటు పెట్టకుండా గోడ కట్టి, దూకిన పిల్లల్ని పట్టుకుని కొట్టే హెడ్మాస్టర్ తీరుగా ఉంది మన రోడ్డు భద్రత.

యాసంగి కోతలప్పుడు సర్వీస్ రోడ్ల మీద వడ్లు ఆరబోస్తారు, కుప్ప చుట్టూ రాళ్లు పెడతారు. రాత్రి ఆ రాళ్లకు బైకులు తగిలి మనుషులు పోతారు. రైతును తిట్టడం సులువు. తేమ శాతం ఎక్కువుంటే కొనుగోలు కేంద్రంలో వడ్లు తూకం వేయరు, ఆరబెట్టుకునే కల్లం ఊళ్లో లేదు, ఎండకు కాగే నున్నటి చోటు చుట్టుపక్కల ఆ తారు రోడ్డొక్కటే. ఇది హైవే ఇంజినీరు తప్పు కాదు, ఒప్పుకుంటాను. రోడ్ సెన్స్ సమస్య మాత్రం అంతకంటే కాదు.

షాద్‌నగర్ దగ్గర, పాత మహబూబ్‌నగర్ జిల్లాలో, పెద్దకుంట అనే తండా ఉంది. ఈ రహదారి బైపాస్ ఆ తండా పక్క నుంచి పోయింది. రేషన్‌కైనా, పింఛనుకైనా, ఆఫీసు పనికైనా అవతలికి దాటాల్సిందే. దాటుతూ పదుల సంఖ్యలో మగవాళ్లు చనిపోయారని, మిగిలింది వాళ్ల భార్యలేనని పదేళ్ల కిందట దేశ విదేశాల పత్రికలు రాశాయి, 'హైవే వితంతువుల ఊరు' అని పేరు కూడా పెట్టాయి. ఇన్ని దశాబ్దాలుగా బతుకుతున్న ఒక చిన్న తండాలో మగవాళ్లందరికీ ఒక్క బైపాస్ పడగానే మూకుమ్మడిగా రోడ్ సెన్స్ పోయిందని నమ్మాలంటే చాలా మొండితనం కావాలి.

బ్లాక్ స్పాట్లు గుర్తించి సరిచేస్తున్నాం కదా అని అధికారులు అంటారు. చేస్తున్నారు, కాదనను. అయితే బ్లాక్ స్పాట్ అనిపించుకోవడానికి ఉన్న అర్హత వినండి: అర కిలోమీటరు మేర, మూడేళ్లలో, ప్రాణం పోయినవో తీవ్ర గాయాలైనవో అయిదు ప్రమాదాలు జరగాలి, లేదా పది మంది చావాలి. ముసలమ్మ దాటే చోటు డ్రాయింగ్ కాగితం మీద ఉన్నప్పుడే లెక్క కట్టగలిగిన ప్రమాదాన్ని, శవాలు లెక్కపెట్టాక గుర్తిస్తాం. నాలుగు ప్రమాదాల్లో తొమ్మిది మంది పోయినా ఇంకొకరి కోసం ఆగాలి. అందుకే మన ఊళ్లలో చావు జరిగిన ప్రతిసారీ శవాన్ని పెట్టుకుని రాస్తారోకో చేస్తారు. దాన్నీ అరాచకం అంటారు. మూడేళ్లు ఆగకుండా పని జరిగే దారి వాళ్లకు ఇంకోటి తెలియదు. రెండు గంటల తర్వాత డీఎస్పీ వస్తాడు, నాలుగు డ్రమ్ములు, రెండు బారికేడ్లు పెడతారు, వాటికి తగిలి మరో బైకు పడుతుంది.

డబ్బులు చాలవు, ప్రతి ఊరికీ అండర్‌పాస్ కట్టాలంటే రోడ్డు పూర్తి కాదు అన్నది తర్వాతి మాట. ఇదే 44వ నంబరు రోడ్డు మీద మన దగ్గర నుంచి ఉత్తరానికి పోతే నాగపూర్ దాటాక పెంచ్ పులుల అభయారణ్యం వస్తుంది. అక్కడ మహారాష్ట్ర వైపు రోడ్డును తొమ్మిది చోట్ల పైకి లేపి కట్టారు, కింద నుంచి జంతువులు పోవడానికి. అందులో ఒకటి 750 మీటర్ల పొడవు. కోర్టులు, వన్యప్రాణి శాస్త్రవేత్తలు పట్టుబడితేనే అది జరిగింది. కెమెరాలు పెట్టి చూస్తే దుప్పులు, అడవి కుక్కలు, పులులు కూడా కింద నుంచి హాయిగా పోతున్నాయి. మంచి పని, పులి బతకాలి. నేను చెప్పేది ఇంకొకటి. అక్కడ ఎవరూ పులికి రోడ్ సెన్స్ నేర్పాలని సదస్సు పెట్టలేదు. అది ఎక్కడ దాటుతుందో ముందు చూశారు, దాని అలవాటుకు తగ్గట్టు రోడ్డు కట్టారు. పెద్దకుంట మనిషి విషయంలో ఆ బుద్ధి ఎందుకు పుట్టలేదు?

విదేశాల్లో చూడండి, ఎంత క్రమశిక్షణ అని మనవాళ్లు చెబుతారు. సరే, చూద్దాం. డాలస్ చుట్టుపక్కల వేల మంది తెలుగువాళ్లున్నారు. మెక్సికో సరిహద్దు నుంచి ఉత్తరాన డులూత్ దాకా పోయే ఇంటర్‌స్టేట్ 35 వాళ్ల ఊళ్ల మధ్య నుంచే వెళ్తుంది. అనంతపురం కుర్రాడు ఆ రోడ్డు ఎక్కితే బుద్ధిగా పోతాడు. వాడి రక్తం మారలేదు. ఆ రోడ్డు మీదకు ఎక్కడానికి, దిగడానికి ర్యాంపులు తప్ప దారి లేదు, ట్రాక్టర్ రాదు, మనిషి అడ్డం రాడు, రాంగ్ రూట్‌లో పోవడం వాడికి అవసరమే పడదు. అలాగని అమెరికాను నెత్తిన పెట్టుకోనక్కర్లేదు, అక్కడా ఏటా దాదాపు నలభై వేల మంది రోడ్ల మీద పోతున్నారు. నేర్చుకుంటే స్వీడన్ దగ్గర నేర్చుకోవాలి. మనిషి తప్పు చేస్తాడు, చేసిన తప్పుకు చావు శిక్ష కాకూడదు అన్న సూత్రాన్ని 1997లో అక్కడి పార్లమెంటే ఆమోదించింది. ఆ తర్వాత మామూలు రోడ్ల మధ్యలో ఇనుప తాళ్ల బారియర్లు కట్టుకుంటూ పోయారు. ఆ రోడ్ల మీద చావులు దాదాపు నాలుగింట మూడొంతులు తగ్గాయి. డ్రైవర్లు అప్పటివాళ్లే. వెల్దుర్తిలో లేనిది అదే తాడు.

అంత దూరం కూడా పోనక్కర్లేదు. ముంబయి–పుణె ఎక్స్‌ప్రెస్‌వే మీద 2016 నుంచి ఒక స్వచ్ఛంద సంస్థ, ప్రభుత్వం కలిసి ప్రతి ప్రమాదాన్నీ విడిగా పరిశీలించి బారియర్లు, సూచికలు, పోలీసు గస్తీ, అంబులెన్సు అన్నీ సరిచేస్తే కొన్నేళ్లలోనే చావులు సగానికి పైగా తగ్గాయి. ఆ కొన్నేళ్లలో మహారాష్ట్ర జనానికి కొత్తగా సంస్కారం వచ్చిందని ఎవరూ అనలేదు.

ఇక పెద్ద బస్సు ప్రమాదాలు. 2013 అక్టోబర్ 30న కొత్తకోట దగ్గర పాలెంలో బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న వోల్వో కల్వర్టు గోడకు తగిలి, డీజిల్ ట్యాంకు పగిలి, 45 మంది కాలిపోయారు. డ్రైవర్ ఓవర్‌టేక్ చేశాడన్నారు, నిజం. రోడ్డు అంచునే కాంక్రీటు గోడ కాపు లేకుండా ఎందుకుందన్న ప్రశ్న మాత్రం మంటతోపాటే ఆరిపోయింది. 2025 అక్టోబర్ 24న కర్నూలు దగ్గర చిన్నటేకూరులో బెంగళూరు పోతున్న స్లీపర్ బస్సు అప్పటికే రోడ్డు మీద పడి ఉన్న బైకును ఈడ్చుకుపోయి తగలబడింది. బైకతను తాగాడా, బస్సు రిజిస్ట్రేషన్ ఏ రాష్ట్రానిది, లగేజీలో ఏముంది అని వారం రోజులు మాట్లాడారు. అవీ అడగాల్సినవే. అడ్డంగా పడ్డ బైకును చూసి పక్కగా తప్పుకుపోయిన బండ్లున్నాయి. టోల్ కట్టించుకునే రోడ్డు మీద అడ్డం ఉందని యాజమాన్యానికి ఎలా తెలియాలి, ఎంతసేపట్లో తీయాలి అన్న మాట ఆ వారంలో ఎక్కడా పెద్దగా వినబడలేదు.

టోల్ అంటే గుర్తొచ్చింది. రాయికల్‌లో ఏ బండి ఏ సెకనుకు దాటిందో ఫాస్టాగ్‌కు తెలుసు, శాఖాపూర్‌లో, పుల్లూరులో ఎప్పుడు దాటిందో కూడా తెలుసు. దూరాన్ని కాలంతో భాగిస్తే సగటు వేగం వస్తుంది, ఆరో తరగతి లెక్క. అతివేగమే 71 శాతం చావులకు కారణమని నిజంగా నమ్మేవాళ్లు ఈ భాగాహారం ఎప్పుడో చేసి ఉండేవాళ్లు. ఎలక్ట్రానిక్ నిఘాకు మోటారు వాహనాల చట్టంలో 136ఏ సెక్షన్ కూడా సిద్ధంగా ఉంది. రూపాయలు వసూలు చేసే చోట మిల్లీసెకన్ల యంత్రం, ప్రాణం కాపాడే చోట 'వేగం కన్నా ప్రాణం మిన్న' బోర్డు.

చట్టం కూడా ఇదే చూపుతో రాశారు. నిర్లక్ష్యంగా నడిపి చావుకు కారణమైన డ్రైవర్‌కు పాత ఐపీసీలో రెండేళ్ల దాకా జైలు, కొత్త న్యాయ సంహిత 106వ సెక్షన్‌లో అయిదేళ్ల దాకా. గుద్ది, చెప్పకుండా పారిపోతే పదేళ్లు అనేసరికి 2024 జనవరి మొదట్లో లారీ, ట్యాంకర్ డ్రైవర్లు బండ్లు ఆపేశారు, హైదరాబాద్ బంకుల ముందు బారులు మనం చూశాం. మరి భద్రతా ప్రమాణాలు పాటించకుండా రోడ్డును డిజైన్ చేసిన, కట్టిన, నిర్వహించిన సంస్థకు? 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 198ఏ సెక్షన్ ప్రకారం లక్ష రూపాయల దాకా జరిమానా. జైలు లేదు. ఆ లక్షా ఎవరైనా కట్టారన్న వార్త నేను చదవలేదు. లోపాల పుట్టిల్లు డీపీఆర్‌లు, అంటే రోడ్డు పనుల సమగ్ర నివేదికలే అని, వాటిని తయారు చేసే ఇంజినీర్లే బాధ్యులని కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ స్వయంగా ఒకటికి రెండుసార్లు సభల్లో అన్నారు. మంత్రి అన్నాక కూడా మనం లారీ డ్రైవర్‌నే కొడుతున్నాం.

అయితే తాగినవాణ్ని వదిలేయమంటావా అని అడుగుతారు. వదలొద్దు. లైసెన్సు రద్దు చేయండి, జైల్లో పెట్టండి. రాత్రంతా బస్సు నడిపే మనిషికి రోజుకు ఎనిమిది గంటలు మించి డ్యూటీ వేయరాదని, అయిదు గంటలకోసారి అరగంట విశ్రాంతి ఇవ్వాలని మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే చెప్పింది, ట్రావెల్స్ ఓనర్ దగ్గర ఆ రిజిస్టర్ కూడా చూడండి. దానితోపాటు ఇంకొక పని చేయండి. ఈసారి ప్రమాదం జరిగిన కిలోమీటరు రాయి దగ్గర డ్రైవర్ రక్తం పరీక్షకు తీసుకున్న రోజే, ఆ అర కిలోమీటరు డ్రాయింగ్ కూడా తెప్పించండి. అక్కడ బారియర్ ఎందుకు వద్దనుకున్నారో, అండర్‌పాస్ ఏ సమావేశంలో కొట్టేశారో ఆరా తీయండి. డ్రాయింగ్ గీసిన కన్సల్టెంట్ పేరు కోసం వెతుక్కోనక్కర్లేదు, డీపీఆర్ అట్ట మీదే అచ్చు వేసి ఉంటుంది.